వంగని రాడ్డు

గోడ దూకగానే నాగూర్ కాలు జారుతుంది.

ధబ్!

మోకాళ్ళ మీద బురదలో పడతాడు. చేతి సంచిలో స్పానర్లు గల్లుమంటాయి.

ఊపిరి బిగపడతాడు... ఒక క్షణం... రెండు...

గేటు దగ్గర లాంతరు కదల్లేదు.

"బావా... దెబ్బ తగిలిందా?" గోడ మీద నుంచి గుసగుస. మెహబూబున్నీసా. తమ్ముడు కరీముల్లా పెళ్ళాం.

"నాకేం కాలా. ముందు కిరసనాయిలు డబ్బా అందియ్యి. జాగ్రత్త!"

"మనిషికన్నా డబ్బా ఎక్కువయ్యిందే నీకు!"

"ఉప్పునీళ్ళు తాగిన బోల్టులు తిట్టినా ఊడవు అమ్మాయ్. దిగు. చప్పుడు చెయ్యొద్దు."

ఆమె చీర కుచ్చెళ్ళు దోపుకుని పిల్లిలా దిగుతుంది. చప్పుడే లేదు!

ఇద్దరూ వంగి, చీకట్లో షెడ్డు వైపు పరిగెడతారు.

గాలిలో సముద్రం హోరు. వాకాడు మీద తుఫాను విరిగిపడి వెళ్ళిపోయినా ఆ హోరు ఇంకా తగ్గలేదు.

గేటు దగ్గర లాంతరు ముందు ముడుచుకుని కూర్చుంది నాగులమ్మ. షెడ్డుకి కాపలా ఆమే. మొన్న తుఫాను రోజున ఆమె ఒక్కగానొక్క కొడుకు ఈ షెడ్డు లారీలోనే మునిగి చచ్చిపోయాడు. హజరత్తయ్య. లారీ క్లీనరు.

చంపింది డ్రైవర్ కరీముల్లా అని ఊరంతా నమ్మింది.

నాగులమ్మ కూడా!

ఆమె కంట పడితే... అంతే.

షెడ్డు తలుపు కిర్రుమంటుంది. నాగూర్ దాన్ని కాస్త పైకెత్తి మెల్లగా తోస్తాడు.

లోపల చీకట్లో లారీ. బానెట్ నిండా ఎండిన బురద. ముందు చక్రానికి చుట్టుకున్న తుంగ. సముద్రపు పాచి వాసన.

"టార్చి మీద గుడ్డ చుట్టు. వెలుతురు నా చేతుల మీదే పడాల."

తెల్లవారితే ఈ ఇంజన్ మద్రాసు పోతుంది. పాత ఇనుము కింద!

కొని ఏడాది కాని ఇంజన్‌ని ఎవడైనా పాత ఇనుముకి అమ్ముతాడా?

ఓనరు పద్మనాభయ్య అమ్ముతున్నాడు.

ఆ మాట చెవిన పడ్డప్పటినుంచీ నాయుడుపేటలో తన వర్క్‌షాపులో నాగూర్‌కి కాలు నిలవలేదు.

పోలీసులకి పద్మనాభయ్య చెప్పింది ఒక్కటే. 'సముద్రం ఎగదన్ని స్వర్ణముఖి చప్టా మీద నిలువెత్తు నీళ్ళు. గట్టు మీద నిలబడి వద్దురా అని అరిచాను. కరీముల్లా తాగి ఉన్నాడు. వినలేదు. ఫుల్ స్పీడులో నీళ్ళలోకి పోనిచ్చాడు. బానెట్ మునిగేదాకా ఇంజన్ రంకెలు వేస్తూనే ఉంది. తను దూకి ఒడ్డుకొచ్చాడు. క్లీనరుని వదిలేశాడు.'

కరీముల్లా చెప్పింది ఇంకొకటి. 'లారీ గట్టు మీద ఆపి, ఇంజన్ కట్టేసి, అన్నం తినడానికి ఊళ్ళోకి పోయినా. తిరిగొస్తే లారీ లేదు.'

లారీల ఓనరు మాట ఒకవైపు. డ్రైవరు మాట ఒకవైపు. కరీముల్లా గూడూరు లాకప్‌లో ఉన్నాడు. ఉరే పడుతుందో, యావజ్జీవమే పడుతుందో!

"ఈ ఇనుము ఏం చెప్తుంది బావా?" మెహబూబున్నీసా అడుగుతుంది.

"చూస్తాం."

నాగూర్ కింద దూరి నూనె ప్లగ్గు వదులు చేస్తాడు. చేతిలోకి జారింది నూనె కాదు. చల్లగా, బురద రంగు నీళ్ళు...

"ఇంజన్ కడుపు నిండా నీళ్ళు!"

లేచి బానెట్ ఎత్తుతాడు. ఇక ఇంజెక్టర్లు. ఇంజన్ నెత్తిన ఆరు. ఒక్కొక్కటీ సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ముక్కు. మరలు బిగుసుకుపోయి ఉన్నాయి. కిరసనాయిలు పోస్తాడు. స్పానర్ వేసి ఒంటి బరువంతా వేస్తాడు.

కిర్‌ర్‌ర్...

ఒకటి ఊడింది! ఇంకొకటి... ఇంకొకటి...

ఆరు బొక్కలు తెరుచుకున్నాయి.

"ముందుకి పోయి హ్యాండిల్ తిప్పు. మొరాయిస్తే బలవంతం చెయ్యొద్దు."

"తిరగలి తిప్పే చెయ్యి బావా ఇది. దీన్ని చూసి నీ తమ్ముడే భయపడతాడు."

ఆమె హ్యాండిల్ దూర్చి ఒక్క ఊపు ఊపుతుంది.

బుస్స్స్!

బొక్కల్లోంచి నీళ్ళు ఫిరంగిలా పైకి లేస్తాయి! రేకుల కప్పుకి కొట్టుకుని నాగూర్ నెత్తిన కురుస్తాయి. కళ్ళు మండుతాయి. నోట్లో ఉప్పు.

"చెప్పొచ్చు కదా అమ్మాయ్... అంత గట్టిగానా!"

ఇంత భయంలోనూ ఆమెకి నవ్వొస్తుంది. కొంగు నోట్లో కుక్కుకుంటుంది.

నాగూర్ సంచిలోంచి సైకిల్ చక్రం పుల్ల తీస్తాడు. మొదటి బొక్కలోంచి లోపలికి దించుతాడు. పుల్ల పిస్టన్ నెత్తిన ఆనింది.

"ఇప్పుడు మెల్లగా... ఇంకా మెల్లగా..."

పిస్టన్ లేస్తుంది. దానితో పుల్లా లేస్తుంది. ఇక లేవనంత పైకి వచ్చాక ఆకురాయితో గీత పెడతాడు.

రెండో బొక్క. పుల్ల లేచింది. ఆగింది.

సరిగ్గా అదే గీత దగ్గర!

మూడు. అదే గీత. నాలుగు... అయిదు...

నాగూర్ పుల్లని ఆఖరి బొక్కలోకి దించుతాడు.

ఆరు.

అదే గీత!

"అమ్మాయ్!" నాగూర్ పుల్ల పైకి లాగి చూపిస్తాడు. "కరీముల్లా అబద్ధం ఆడలా!"

"ఏంది బావా? సరిగ్గా చెప్పు!"

"తిరిగే ఇంజన్ నీళ్ళు తాగితే ఏమవుతుందో తెలుసా? గాలినైతే పిస్టన్ నలుపుద్ది. నీళ్ళు నలగవు. పిస్టన్ పైకి పోనూ లేదు, ఆగనూ లేదు. దాన్ని నెట్టే ఇనప రాడ్డే చెరుకుగడలా వంగిపోద్ది. రాడ్డు వంగితే పొట్టిదైపోద్ది, ఆ పిస్టన్ అంత పైకి లేవదు. గీత కిందకి రావాల. ఆరింట్లో ఒక్కటైనా వంగిందా? లేదు! నీళ్ళలో పడేప్పటికి ఈ ఇంజన్ తిరగడం లేదు!"

"రంకెలు వేస్తా పోయిందని పద్మనాభయ్య..."

"ఆగిన ఇంజన్ రంకెలు వెయ్యదు."

మెహబూబున్నీసా హ్యాండిల్ వదిలేస్తుంది. చెంపల మీద నీళ్ళు. ఉప్పునీళ్ళే. ఏవి ఇంజన్‌వో, ఏవి ఆమెవో!

"పోదాం పా బావా! తెల్లారేసరికి గూడూరు చేరాల. ఇన్‌స్పెక్టర్ని పిలుచుకొచ్చి కొలిపిద్దాం!"

నాగూర్ కదలడు. కిరసనాయిలు డబ్బా ఎత్తి ఒక్కొక్క బొక్కలో గబగబా పోస్తున్నాడు.

"ఏం చేస్తా ఉండావ్!"

"ఉప్పు తగిలిన సిలిండర్ని ఇట్టా వదిలితే పొద్దుటికి తుప్పు పట్టుద్ది. తడి ఇంజన్ని నేనెప్పుడూ ఇట్టా వదిలి పోలా."

"నీ తమ్ముడ్ని ఇరికించినోడి ఇంజన్ బావా అది!"

"వాడిదైతే మాత్రం... ఇంజనేం పాపం చేసింది? ఒక్క నిమిషం..."

ఆ ఒక్క నిమిషమే కొంప ముంచింది.

తలుపు ధన్‌మని తెరుచుకుంటుంది!

టార్చి వెలుగు నేరుగా నాగూర్ కళ్ళలోకి!

"కదిలితే కాల్చేస్తా!"

పద్మనాభయ్య! చేతిలో జోడుగుళ్ళ తుపాకీ.

మెహబూబున్నీసా లారీ ముక్కు ముందు, ఎత్తిన బానెట్ చాటున నేలకి అంటుకుపోయింది. ఆమె వాడి కంట పడలేదు.

"దొంగ దూరాడని నాగులమ్మ పరిగెత్తుకొచ్చి చెప్తే ఎవడో అనుకున్నా. నువ్వట్రా నాగూర్! అన్న దొంగ, తమ్ముడు హంతకుడు. బాగుంది!"

"దొంగతనానికి రాలా అయ్యా. సైకిల్ పుల్లతో రాడ్లు కొలిచి పోదామని వచ్చినా. ఒక్కటి కూడా వంగలా."

"అయితే?"

"అయితే లారీని ఎవరూ నడపలా. గట్టు వాలులో బ్రేకు తీసి వదిలినారు. లారీ తెలిసినోడైతే స్టార్ట్ చేసి, గేరేసి, దూకేవాడు. అప్పుడు రాడ్లు వంగేవి, కథ అతికేది. ఇది స్టీరింగ్ పట్టడం రానోడి పని."

వాకాడు నుంచి నెల్లూరు దాకా అందరికీ తెలుసు. పద్మనాభయ్యకి లారీలున్నాయి, కారుంది. డ్రైవింగ్ మాత్రం రాదు! ఆ మాట ఎవరన్నా అంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడూ మండింది.

"స్టీరింగ్ పట్టేది కూలోళ్ళురా! బ్రేకు తియ్యడానికి డ్రైవింగ్ ఎందుకు?"

నాగూర్ తలెత్తి చూస్తాడు.

నోరు జారింది. జారినా పద్మనాభయ్య నవ్వుతాడు. తుపాకీ ఎవరి చేతిలో ఉందో ఆయనకి తెలుసు.

"హజరత్తయ్య ఏం చేశాడయ్యా మిమ్మల్ని?" నాగూర్ గొంతు తగ్గించడు.

"పడవలోంచి దించిన బంగారం చూశాడు. చూసి ఊరుకోడే! పోలీసులకి చెప్తానన్నాడు. తిని క్యాబిన్‌లో పడుకున్నాడు. బ్రేకు తీశాను. లేవలేదు." ఆయన దగ్గరికొస్తాడు. తుపాకీ గొట్టం నాగూర్ డొక్కలో దిగుతుంది. "ఏదిరా ఆ సాక్ష్యం? ఎక్కడుంది? చూపించు!"

"లోపలే ఉండాది. ఆ బొక్కలోకి వెలుతురు పెట్టి చూడండి."

పద్మనాభయ్య ఒక చేత్తో టార్చి ఎత్తుతాడు. ఇంజన్ మీదికి వంగుతాడు. ఇంకాస్త... ఇంకాస్త...

"అమ్మాయ్! తిప్పు!!"

తిరగలి చెయ్యి ఒక్క ఊపు ఊపుతుంది!

బుస్స్స్స్!!

ఆరు బొక్కల్లోంచి కిరసనాయిలు పైకి లేస్తుంది! కళ్ళలో, ముక్కులో, నోట్లో!

"అమ్మో!! నా కళ్ళు!"

నాగూర్ తుపాకీ గొట్టాన్ని పైకి తోస్తాడు.

ఢాం!

గుండు కప్పు రేకుని చీల్చుకుపోతుంది. స్పానర్ పద్మనాభయ్య మణికట్టు మీద పడుతుంది. తుపాకీ జారి ఎక్కడో చీకట్లో దొర్లుతుంది. ఆయన గుడ్డిగా తడుముకుంటూ బురదలో కూలబడతాడు... కూలబడి, నవ్వుతాడు!

"చెప్పుకోరా పోయి! సైకిల్ పుల్ల మాట నమ్ముతారో, నా మాట నమ్ముతారో! నేనన్నది విన్నది ఎవడు? నువ్వూ, నీ ఇంటోళ్ళేగా!"

"నేనూ విన్నా అయ్యా."

తలుపు దగ్గర లాంతరు.

నాగులమ్మ!

లాంతరు కింద పెట్టి ఆమె వంగుతుంది. లేచేసరికి చేతుల్లో తుపాకీ. ఇంకో గుండు అందులోనే ఉంది.

"నా కొడుకు నిద్రపోతా ఉండాడా అయ్యా... మీరు బ్రేకు తీసేటప్పుడు?"

పద్మనాభయ్య నవ్వు ఆగిపోతుంది. "నాగులమ్మా... నీకేం కావాలో అడుగు..."

గొట్టం ఆయన గుండెకి గురి పెట్టి ఉంది. కాస్త కూడా వణకడం లేదు.

"వద్దు నాగులమ్మా!" నాగూర్ అరుస్తాడు. "వాడు బతికుండాల! వాడు చస్తే నా తమ్ముడు బయటికి రాడు!"

"అమ్మా! నీ కాళ్ళు మొక్కుతా!" బానెట్ చాటు నుంచి మెహబూబున్నీసా.

నాగులమ్మ ఇద్దరినీ చూస్తుంది. కరీముల్లా ఇంటివాళ్ళు. పొద్దున్నే తను దుమ్మెత్తి పోసిన మనుషులు.

ఆమె తల ఊపుతుంది.

గొట్టం మెల్లగా కిందికి దిగుతుంది. గుండె... కడుపు... తొడ...

మోకాలి దగ్గర ఆగుతుంది.

"కోర్టులో చెప్పేదానికి నోరుంటే చాలు కదా నాయనా. కాళ్ళెందుకు?"

ఢాం!!