వెనక సీటు తెర

పళ్లు తోముకోకముందే కారు తుడవడం గణపతిరావుకు అలవాటు. పలాసలోని ఆ ఇంట్లో దేవుడి గదిలో దీపమైనా ఒక్కోరోజు ఆలస్యమయ్యేది గాని, పాకలో ఉన్న ఆ పాత నల్లకారుకు తడిగుడ్డ ఆలస్యమయ్యేది కాదు. తండ్రి పోయి ఏడాది కావస్తోంది. కారు ఇంజను అంతకుముందే పోయింది. కదలని కారుకు పెద్దకొడుకు రోజూ స్నానం చేయిస్తున్నాడన్నమాట.

ఆ రోజు తమ్ముడు సన్యాసిరావు కాఫీగ్లాసుతో పాకలోకి వచ్చాడు. ముందురోజే విశాఖపట్నంలో మెకానిక్‌తో మాట్లాడి వచ్చాడు.

"జీపు ఇంజను దొరికిందన్నా. సెల్ఫు మోటారు కూడా ఏత్తారట. హ్యాండిలు తిప్పి సేతులిరగ్గొట్టుకోనక్కర్లేదు. పైన రేకు, రంగు ఏటీ ముట్టుకోరు."

"గుండె తీసేసి ఇంకో గుండె పెట్టి, మనిషి అదేనంటావేటి?"

"ఆఫ్రికాలో డాక్టరు మొన్న అదే సేసాడు, ఒకడి గుండె ఇంకొకడికి పెట్టి. పేపరు సూళ్లేదా?"

గణపతిరావుకు ఒళ్లు మండింది. "నాన్నగారు ఎలాగొగ్గీసారో అలాగే ఉండాల."

"సంవత్సరీకం అయ్యాక అమ్మ అక్కుపల్లిలో మన తోటకి ఎల్తానంటంది. ఈ కారులోనే ఎల్లాలని ఉంది ఆవిడకి. ఇంజను ఎయ్యాల. ఈ తెరలూ తీసెయ్యాల, లోపల ఊపిరాడదు."

ఆ ఇంటి ఆడవాళ్లకు ఘోషా. అందుకని వెనక సీటు కిటికీలకూ, డ్రైవరు సీటు వెనకా మందపాటి నీలం తెరలుండేవి. మొన్ననే గణపతిరావు వాటిని ఉతికించి, ఇస్త్రీ చేయించి మరీ కట్టించాడు.

"తెరల మాటెత్తకు," అన్నాడు గొంతు పెంచి. "అది అమ్మ మర్యాదరా. ఇన్నేళ్లు దాని ఎనకాలే తిరిగింది. ఇప్పుడు రోడ్డుమీద అందరూ ఆవిణ్ణి సూడాలా?"

"అమ్మని అడిగావా?"

"అడగాల్సిన పన్లేదు. నీకంత సరదాగా ఉంటే నీ వాటా పట్టుకుని ఏరే పో."

"సరే. ఇయ్యాలే పంచీ."

పంపకం మాట ఒకసారి నోరు దాటాక వెనక్కి తీసుకోవడం కష్టం. అన్నకూ తెలుసు, తమ్ముడికీ తెలుసు.

అప్పుడు పాకలోకి వచ్చింది వాళ్ల తల్లి గౌరీశ్వరి. గొడవలైతే తలుపు చాటునుంచి వినడమే తప్ప ఆవిడ పాకదాకా రావడం కొడుకులెప్పుడూ చూడలేదు. ఆవిడ కారు తలుపు తీసి తెర పట్టుకుని లాగింది. తాడు తెగలేదు. మళ్లీ లాగితే తెగింది.

"అమ్మా, నాన్నగారు కట్టించినవి," అన్నాడు గణపతిరావు.

"ఆయన కట్టించలేదు నాయనా. మీ నాయనమ్మ కట్టించింది. తల్లి మాట కాదనలేక ఊరుకున్నాడు. ఆవిడ పోయాక తీసేద్దామనుకునే సరికి ఆయనే మంచమెక్కాడు." తెగిన తాడును ఆవిడ చేతికి చుట్టుకుంది. "ఎన్నిసార్లో ఎల్లాం అక్కుపల్లి. తోటలో దిగడం, తోటలో ఎక్కడం. సముద్రం సప్పుడే ఇన్నాను గాని సూళ్లేదు."

ఆవిడ చూపు డ్రైవరు సీటు మీదికి పోయింది.

"పక్కన మీ నాయనమ్మ. నోరెత్తడానికి లేదు. అందుకని కారు నడుపుతా ఆయన బూర కొట్టీవోడు. జీడితోటలొత్తే ఒకసారి. సముద్రం కనిపిత్తే రెండుసార్లు. నాకు సెప్పడానికే. ఇంజను మీకెలా కావాలో అలా మార్చుకోండి. ఆ బూర మాత్రం ఒగ్గీయండి."

డ్రైవరు తలుపు పక్కనున్న ఆ రబ్బరు బూరను గణపతిరావు రోజూ తుడిచేవాడు. ఒక్కనాడూ నొక్కలేదు. తడిగుడ్డ కింద పెట్టి, రెండో వైపు తెర తానే విప్పాడు. సన్యాసిరావు వచ్చి ఆ చివర పట్టుకున్నాడు. పంపకం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సంవత్సరీకం అయిన వారానికి కారు కొత్త ఇంజనుతో ఉద్దానం తోటల మీదుగా అక్కుపల్లి దారి పట్టింది. అదే నలుపు రంగు, అదే బూర. గణపతిరావు నడుపుతున్నాడు, తమ్ముడు పక్కన కూర్చున్నాడు. వెనక గౌరీశ్వరి కిటికీ అంచు పట్టుకుని, కొంగు గాలికి ఎగురుతున్నా సర్దుకోకుండా కూర్చుంది. జీడితోటలు రాగానే గణపతిరావు ఒకసారి బూర నొక్కాడు. ఆవిడ నవ్వింది.

ఇసకదిబ్బ దాటగానే ఎదురుగా సముద్రం. ఒకసారి నొక్కాడు. రెండోసారి నొక్కబోతుంటే వెనకనుంచి తల్లి చెయ్యి అతని భుజం మీద పడింది.

"ఇంక సాలు నాయనా. కనిపిత్తంది."

గణపతిరావుకు ఏడుపు ఆగలేదు. కారు అక్కడే ఆపేశాడు.