అది కళ్ళకలక కాదు

శుక్రవారం తెల్లారేసరికే బహ్రెయిన్‌లో, బుసైతీన్‌లోని ఆ రెండు గదుల ఫ్లాటు పెళ్ళివారిల్లయి కూర్చుంది. వంటింట్లో కుక్కరు కూస్తోంది. మంగరాజు ఇస్త్రీపెట్టె కోసం ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. ఇవాళ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు చిట్టి ఓణీల ఫంక్షను. అద్లియాలో హాలు తీసుకున్నారు, మధ్యాహ్నం లోపు ముహూర్తం. మంగరాజు తల్లి నరసాయమ్మ మనవరాలి వేడుక కోసం రాజోలు నుంచి విజిట్ వీసా మీద వచ్చింది. వస్తూ పూతరేకులు తెచ్చింది, వాటితో పాటు పెత్తనం కూడా మూట కట్టుకొచ్చింది. విమానం దిగిన దగ్గర్నుంచీ ఇంట్లో ఆవిడ మాటే మాట.

ఇంత హడావిడిలో ముందుండాల్సిన మనిషి, పిల్ల తల్లి సత్యదుర్గ, బాత్రూములో గడియ పెట్టుకుని అద్దం ముందు నిలబడింది. నల్ల కళ్ళద్దాలు తీసి చూసుకుంది. ఎడమ కంటి కింద ఎర్రగా ఉబ్బి, నిన్నటికంటే బిగిసింది. వేలు ఆనిస్తే ప్రాణం జివ్వుమంటోంది. కుడి కంటి కింద నీలంగా చిన్న గడ్డ. వెంటనే కళ్ళద్దాలు పెట్టేసుకుంది.

ఇంట్లో అందరికీ కళ్ళకలక అని చెప్పింది. కళ్ళకలకా లేదు, పాడూ లేదు. కళ్ళ కింద గుంటలు నిండి మొహం కళగా ఉంటుందని ఎవరో చెబితే, పార్లర్ ఉద్యోగం మానేసి ఇంట్లోనే జెల్ సూదులు వేస్తున్న ఒకావిడ దగ్గరికి పోయి, ఎవరికీ తెలీకుండా వేయించుకుంది. మొదట్లో బాగానే ఉంది. తర్వాత వికటించింది. ఫోను చేస్తే అదే తగ్గిపోతుంది అన్న ఆ మహాతల్లి, రెండోసారి ఫోనే ఎత్తలేదు. అప్పట్నుంచీ దుర్గది తేలు కుట్టిన దొంగ పరిస్థితి. నొప్పని అరవడానికి లేదు, డాక్టరుకి చూపించడానికి లేదు.

అసలీ పిచ్చి పని చేయించింది చిట్టి ఫోనులో తయారు చేసిన ఆహ్వానపత్రం. అందులో అమ్మకీ నాన్నకీ మధ్య తను నిలబడిన ఫొటో పెట్టింది. ఆ ఫొటోలో దుర్గకి కళ్ళ కింద నలుపు లేదు, గుంటలు లేవు. ఊళ్ళో వాళ్ళంతా దుర్గకి బహ్రెయిన్ నీళ్ళు బాగా పడ్డాయని మెచ్చుకున్నారు. దుర్గకి మాత్రం గుండెలో కలుక్కుమంది. పగలు రెండిళ్ళలో పని, రాత్రి జాకెట్ల కుట్టుపని, ఆ గుంటలు ఊరికే రాలేదు. తన మొహం నలుగురికీ చూపించడానికి పిల్ల సిగ్గుపడిందనుకుంది. అడిగేస్తే పోయేది. ఔనంటుందేమోనన్న భయంతో అడగలేదు.

చెప్పిన అబద్ధం ఊరికే పోతుందా, తిరిగి దుర్గ మెడకే చుట్టుకుంది. కళ్ళకలక అనగానే నరసాయమ్మ కోడలికి గ్లాసు వేరు, తువ్వాలు వేరు, పక్క వేరు చేసింది. పొద్దునా సాయంత్రం వేడి గుడ్డ చేతికిచ్చి కాపడం పెట్టుకోమంది. పెట్టుకున్నప్పుడల్లా వాపు పెరిగేది. పిల్లకి అంటుకుంటుందని చిట్టిని దరిదాపుల్లోకి రానివ్వలేదు. చిట్టి పుట్టిన దగ్గర్నుంచీ దాని తల దువ్వింది దుర్గే. ఓణీల నాడు పూలజడ తన చేత్తోనే వెయ్యాలని ఎన్నేళ్ళుగానో ఆశపడింది. తీరా చూస్తే ఆ జడ వెయ్యడానికి పక్క ఫ్లాటు లోవమ్మని పిలిచారు. పీట దగ్గర తల్లి స్థానంలో కూడా లోవమ్మే నిలబడుతుందనీ, దుర్గ హాల్లో వెనక వరసలో కూర్చుంటే చాలుననీ నరసాయమ్మ తీర్పు చెప్పేసింది.

దుర్గ బయటికొచ్చేసరికి గదిలో చిట్టి పట్టులంగాలో ధగధగలాడుతూ కూర్చుంది. వెనకాల లోవమ్మ జడ సగం అల్లేసింది. చిట్టి తల్లి వైపు ఒక్కసారి చూసి మొహం తిప్పేసుకుంది. ఆ చూపుతో దుర్గ ప్రాణం ఉసూరుమంది. ఇక ఆగలేక గదిలోకి వెళ్ళి లోవమ్మ చేతిలోంచి జడ అందుకోబోయింది.

నరసాయమ్మ పరుగున వచ్చి అడ్డం నిలబడింది. "ఏటమ్మాయ్, నీకేవన్నా మతిపోయిందా? పండగ పూట పిల్ల కళ్ళు కూడా పాడు చేత్తావా?"

"అంటుకోదత్తా."

"అంటుకోకపోవడవేటి? ఊరంతా ఎరిగిన రోగవే కదా."

"అది కళ్ళకలక కాదత్తా," అంది దుర్గ. అనేశాక ఇంక దాచేదేముంది. కళ్ళద్దాలు తీసి మంచం మీద పడేసి, ఏడుస్తూ జరిగిందంతా చెప్పేసింది, ఒక్క ఫొటో సంగతి తప్ప.

మంగరాజుకి కోపం నషాళానికంటింది. తుబ్లీ వర్క్‌షాపులో పదిమంది మీద కేకలేసే ఫోర్‌మన్ గొంతు అది, మెట్ల దాకా వినపడింది. ఈ వయసులో ఈ సోకులేంటని, ఎవరి కోసమని, తనని ఒక్క మాట అడగాలని తోచలేదా అని ఎడాపెడా వాయించేశాడు. నరసాయమ్మ కూడా అందుకుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత చెప్పి మరీ తిట్టింది. తిడుతూనే కోడలి గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది.

"చూపెలా ఉంది?" అని మెల్లగా అడిగింది.

"ఎడంకన్ను పొద్దుటి నించీ మసగ్గా ఉందత్తా."

నరసాయమ్మ కొడుకు వైపు తిరిగింది. "నీ కేకలు తరవాత. ముందు బండి తియ్యి."

హాలు దగ్గరికి జనం వచ్చేస్తున్నారనీ, ముహూర్తం దాటిపోతుందనీ మంగరాజు గొణిగాడు.

"ముహూర్తం ఇంకోటి పెట్టుకుందారి. కన్ను ఇంకోటి పెట్టుకోగలవా?"

సగం జడతో చిట్టి, పట్టుచీర కుచ్చిళ్ళు చేత్తో ఎత్తి పట్టుకుని నరసాయమ్మ, పర్సు కూడా మర్చిపోయి మంగరాజు, అందరూ బండెక్కారు. వంతెన మీద బండి పరిగెడుతుంటే దుర్గ తమ్ముడు మణికుమార్ హాల్లోంచి ఒకటే ఫోన్లు. మేనమామగా ఓణీ పెట్టాల్సినవాడు అతనే. నరసాయమ్మ ఫోను లాక్కుని, వచ్చినవాళ్ళకి టిఫిన్లు పెట్టి కబుర్లు చెబుతూ ఉండమని హుకుం జారీ చేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు అక్షరాలు చదివించి చూసింది. వాపు వల్లే మసక తప్ప చూపు భద్రంగానే ఉందంది. కానీ సూది వేసిన చోట చీము పడుతోందనీ, ఇంకా ఆలస్యం చేసుంటే కంటికే ఎసరొచ్చేదనీ డాక్టరమ్మ గట్టిగా చివాట్లు పెట్టింది. కాపడాలు ఇక పెట్టొద్దంది. వెంటనే సెలైను ద్వారా మందెక్కించి, లోపలి జెల్‌ని కరిగించే సూది వేస్తామంది. కరిగాక పాత గుంటలు మళ్ళీ వస్తాయనీ, కొన్నాళ్ళు ఇంకాస్త లోతుగా కూడా కనిపించొచ్చనీ ముందే చెప్పింది.

ఒప్పుకోవడానికి అరక్షణం పట్టకూడదు. కానీ దుర్గ తటపటాయించింది. చిట్టి వైపు చూసి, "మళ్ళీ ఆ మొహమే వస్తదంట," అంది.

"ఏ మొహం?"

"నువ్వు కార్డులో చెరిపేసిన మొహం."

చిట్టికి అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోను తీసి ఆ ఫొటో తల్లి ముందు పెట్టింది. "నేనేం చెరపలేదమ్మా. ఈ కార్డు చేసే యాప్ మొహాలన్నీ దానంతటదే నున్నగా చేసేస్తది. నాన్న చెంప మీద పుట్టుమచ్చ చూడు, అది కూడా పోయింది. నా మొటిమలు పోయినియ్. నువ్వు చూడలేదా?"

దుర్గ వంగి చూసింది. నిజమే, మంగరాజు పుట్టుమచ్చ లేదు. ఇన్నాళ్ళూ ఆ ఫొటోని ఎన్నిసార్లు చూసిందో, చూసిందల్లా తన మొహమే. పక్కన మొగుడి చెంప కూడా కనపడలేదు.

"నీకు గుంటలున్నాయని కూడా నాకు తెలీదు," అంటూ చిట్టి ఏడ్చేసింది. "నువ్వు నా దగ్గరికి రాకపోతే, నా ఫంక్షనంటే నీకు ఇష్టం లేదేమో అనుకున్నా."

ఆ మాటతో దుర్గ లోపల ఏదో కట్ట తెగిపోయింది. కూతుర్ని గుండెకి హత్తుకుంది, ఇద్దరూ వెక్కి వెక్కి ఏడ్చారు. మంగరాజు కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. దుర్గ తలెత్తి, "కరిగించెయ్యండి డాక్టరమ్మా," అంది.

మందు ఎక్కుతుండగా దుర్గ వాళ్ళని హాలుకి వెళ్ళి ముహూర్తానికి పని కానిచ్చెయ్యమంది. చిట్టి కదల్లేదు. నరసాయమ్మ కాసేపు గోడ గడియారం వంక చూసి, ఫోను తీసి మణికుమార్‌ని ఓణీ పళ్ళెం, పూలు పట్టుకుని ఉన్నపళంగా ఆసుపత్రికి రమ్మంది. అక్కడ చేస్తే శకునం ఎలాగని మంగరాజు నసిగితే, తల్లున్న చోటే మంచి చోటని నోరు మూయించింది.

చిట్టి మంచం అంచున కూర్చుంది. దుర్గకి ఒక చేతికి సూది ఉంది, ఒంటిచేత్తో జడ సాగదు. నరసాయమ్మ ఎదురుగా కూర్చుని రెండు పాయలు తను పట్టుకుంది, మూడో పాయ కోడలికిచ్చింది. అత్తా కోడళ్ళు కలిసి మిగతా సగం అల్లారు. జడ కాస్త వంకరగా వచ్చింది, అయినా ఎవరూ విప్పలేదు. మణికుమార్ ఆయాసపడుతూ వచ్చి మేనకోడలికి ఓణీ పెట్టాడు. నర్సులు తలుపు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టారు.

చిట్టి వంగి తల్లి కాళ్ళకి దండం పెట్టింది. దుర్గ సూది లేని చెయ్యి దాని తల మీద పెట్టింది.

"నీకెప్పుడు ఏం బాధనిపించినా నన్ను అడిగెయ్యమ్మా," అంది. "లోపల పెట్టుకోకు."

చిట్టి వంగినదల్లా తలెత్తి చూసింది. "మరి నువ్వు నన్నడుగుతావా?"

దుర్గ వాచిన కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. తుడుచుకోబోతే నరసాయమ్మ ఆ చెయ్యి పట్టి ఆపి, తన చీరచెంగుతో కంటికి తగలకుండా చెంప వరకే అద్దింది.

"అడుగుతానమ్మా," అంది దుర్గ.