తెల్ల మూత సీసాలు

"రాజ్యశ్రీ మన మనిషి కాదు. రెండు వైపులా తింటోంది," అన్నాడు వెంకటరామారావు.

ఏజెంట్ చందర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రాజ్యశ్రీని ఇన్‌ఫార్మర్‌గా చేర్చుకున్నది ఈ పెద్దసారే. చర్లలో ఆమె పెట్టిన ఉచిత దగ్గు క్యాంపు మంచిదని జనానికి చెప్పించిందీ ఈయనే. ఇప్పుడు ఖమ్మం సేఫ్‌హౌస్‌లో ఏసీ కింద కూర్చుని కాదంటున్నాడు.

"క్యాంపు నడిపింది విదేశీ ముఠా. ముక్కులో కొట్టే టీకా అని చెప్పి జనానికి ఎక్కించింది ల్యాబ్ వైరస్. దాని టార్గెట్ టీ సెల్స్."

"అంటే?"

"రక్తంలో మన కమాండోలు. మామూలు జలుబొస్తే అవి పెరుగుతాయి, వైరస్ పట్టిన కణాలను ఏరి చంపుతాయి, పనయ్యాక తగ్గుతాయి. కొన్ని మాత్రం శత్రువు మొహం గుర్తుపెట్టుకుని కాపలా ఉంటాయి. ఈ వైరస్ వాటికి విశ్రాంతి ఇవ్వదు. కొట్టీ కొట్టీ అలసిపోతాయి. కౌంట్ పడిపోతుంది, మిగిలినవి చేతులెత్తేస్తాయి. అప్పుడు ఊపిరితిత్తుల్లో పడుకున్న పాత టీబీ కూడా లేచి కూర్చుంటుంది. మనుషులు ఎంత త్వరగా కూలుతారో చూసి ఆ డేటా అమ్ముకోవడం వాళ్ల వ్యాపారం."

చందర్ అక్క సునంద ఆ క్యాంపులోనే నర్సు. ఆ అడవి ఊళ్లలో మందు ఇచ్చే మనిషి ముందు తాను వేసుకుంటేనే జనం వేసుకుంటారు. అందుకే సునంద అందరి ముందూ నిలబడి మొదటి స్ప్రే తన ముక్కులోనే కొట్టుకుంది. ఇప్పుడు భద్రాచలం దవాఖానాలో ఆక్సిజన్ మీద ఉంది.

"విరుగుడు లేదా సార్?"

"ఉంది. ముఠా తమ కోసం చేసుకుంది. ఈ మధ్యాహ్నం ఆ సీసాలు గోదావరి వంతెన దాటుతాయి. దాటితే మీ అక్క దక్కదు."

"మా అక్క ఒక్కతేనా సార్? ఆమెను చూసి స్ప్రే కొట్టించుకున్నోళ్ల సంగతేంది?"

పెద్దసారు ఏసీ ఇంకాస్త పెంచాడు.

వంతెన మొదట్లో ఫారెస్ట్ చెక్‌పోస్టు. చందర్‌ది గార్డు వేషం. ఖాకీ చొక్కా, పెట్టుడు మీసం, చేతిలో లాఠీ. టేకు దుంగల తనిఖీ పేరుతో వచ్చిన ప్రతి బండినీ ఆపి డిక్కీ తెరిపిస్తున్నాడు. చొక్కా గుండీలో మైక్ ఉంది, అవతల వెంకటరామారావు వింటున్నాడు.

తెల్ల కారు ఆగింది. వెనక సీట్లో మెడలో కెమెరాతో విదేశీ టూరిస్టు. ముందు సీట్లో రాజ్యశ్రీ, పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. పోయే లారీల డ్రైవర్లు తలలు తిప్పి మరీ చూస్తున్నారు.

"డిక్కీ తియ్యుండ్రి మేడమ్. ఈ ఏడు తునికాకు ఎట్లుంది?"

అది డిపార్ట్‌మెంట్ కోడ్.

"ఎండ చాల్లేదండి," అని జవాబిచ్చి కారు దిగింది. "చందర్ గారా? మీ దగ్గరికే వస్తున్నాను. మీ అక్కగారికి విరుగుడు తెచ్చాను."

డిక్కీలో రెండు పెట్టెలున్నాయి. ఒకదాంట్లో ఎర్ర మూత సీసాలు, ఇంకోదాంట్లో తెల్ల మూతవి. ఆమె ఎర్రది తీసి అతని చేతిలో పెట్టింది.

"వెళ్లండి, ఆవిడకి టైమ్ లేదు."

చందర్ కాళ్లు దవాఖానా వైపే లాగాయి. అయినా కదల్లేదు.

"చర్ల పద్ధతి ఎరుకే గదా మేడమ్. ముందు మీరు ఏసుకోండ్రి."

"నాకు జబ్బు లేదు కదండి."

"మా అక్కకు కూడా లేకుండె."

సీసా ఆమె ముక్కు దగ్గరికి తెచ్చాడు. రాజ్యశ్రీ తల విదిలించి వెనక్కి జరిగింది, కళ్లద్దాలు రోడ్డు మీద పడ్డాయి. అప్పుడు తెల్ల మూత సీసా చూపించాడు. ఈసారి ఆమె చెయ్యే ముందుకొచ్చింది.

"అది వేసుకుంటాను. అదివ్వండి," అంది.

"విన్నరా సార్? తెల్లదే విరుగుడు," అన్నాడు చందర్ గుండీతో.

వెనక సీటు డోరు తెరుచుకుంది. టూరిస్టు ఒక్క దూకులో తెల్ల సీసాల పెట్టె లాక్కుని రెయిలింగ్ మీంచి విసిరాడు. చందర్ సగం ఒళ్లు అవతలికి పడేసి చెయ్యి చాపాడు. పెట్టె పట్టీ వేళ్లకు తగులుకుంది. కింద గోదావరి, భుజం ఊడినంత నొప్పి. పెట్టెను లాగి గుండెకు అదుముకుని, రెండో చేత్తో లాఠీ తిప్పి దొర మోకాలి మీద ఒక్కటిచ్చాడు.

"నీకు తెలుగు రాదనుకుంట. గిది అర్థమైందా?"

సునందకు మందు పడింది. టీ సెల్స్ కౌంట్ మెల్లగా లేవడం మొదలైంది. ఊపిరి అందగానే ఆమె తమ్ముడి మీద కోప్పడింది.

"నా దగ్గర కూసుంటే ఏమొస్తది? చర్లకు పో. నన్ను చూసి ఏసుకున్నోళ్లు ఆడ దగ్గుతున్నరు."

చర్లలో జనం చందర్ తెచ్చిన తెల్ల మూత సీసాల మొహం కూడా చూడలేదు. గోరి అనే ముసలమ్మ దగ్గు ఆపుకుంటూ ముందుకొచ్చింది.

"సునందమ్మ తప్పేం లేదు, ఆమెను కూడా మోసం చేసిండ్రు. ఆ పట్టుచీరామె మీ మనిషేనట గదా?"

"అవ్," అన్నాడు చందర్. దాచడానికి నోరు రాలేదు.

"క్యాంపు మంచిదని చెప్పిచ్చిన సారు ఎవలు?"

చందర్ పక్కకు తిరిగాడు. విజయం కళ్లారా చూద్దామని ఇస్త్రీ చొక్కాతో జీపెక్కి వచ్చిన వెంకటరామారావు మెల్లగా వెనక్కి జరుగుతున్నాడు.

"చందర్, నా ఐడెంటిటీ సీక్రెట్," గొణిగాడు.

"ముక్కు పైకెత్తండి సార్," అంటూ చందర్ సీసా తెల్ల మూత తీశాడు.

వెంకటరామారావు రెండుసార్లు తుమ్మాడు. ఆయన ఇంకా బతికే ఉన్నాడని రూఢి చేసుకున్నాక, గోరి మొహం మీది కొంగు తప్పించి తన ముక్కు చాపింది.