జడ విప్పే పాఠం

తెల్లారేసరికి గిరీష్ నందిగామ లాడ్జి గదిలో శవమై ఉన్నాడు. మెడ మీద సూది మొనంత గాటు, అంతే.

ఆ మధ్యాహ్నం జగ్గయ్యపేటలో ఒక సిమెంటు కొట్టు ముందు సాయిప్రసాద్ స్కూటర్ ఆపాడు.

"వత్సవాయి బస్సు వెళ్ళిపోయిందాండీ?"

"లేదు, టైరు పంక్చరు," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా. కోడ్ సరిపోయింది. వెనక గది తలుపు తెరుచుకుంది.

లోపల గూఢచారి శాఖ చీఫ్ కుటుంబరావు టేప్‌రికార్డర్ నొక్కాడు. కోలాటం గురువు వేషంలో ఉన్న తమ ఏజెంటు గిరీష్ గొంతు. నిన్నటి ఫోన్ కాల్.

"సార్, షిప్పెక్కే కోలాటం బ్యాచ్‌లో ఒకడు తేడాగా ఉన్నాడు. మిగతావాళ్ళంతా చిన్నప్పట్నించీ ఆడినోళ్ళు. వీడొక్కడే పదిహేను రోజులుగా పొద్దున్నే నా దగ్గరికొచ్చి నేర్చుకుంటున్నాడు. తాళ్ళతో జడ అల్లడం వచ్చేసింది. విప్పడం రేపు చెబుతా. పేరు ఫోన్లో వద్దు, వచ్చి చెప్తా."

"రాలేదు," అన్నాడు చీఫ్. "మన తీరం రాడార్ల మ్యాపుని ఎవరో మైక్రోఫిల్మ్ చేసి విదేశీ ముఠాకి అమ్మేశారు. శనివారం విశాఖలో 'సాగరలాస్యం' ఓడ బయల్దేరుతుంది. ఎక్కేవాళ్ళంతా డాన్సు సరదాగాళ్ళు. సల్సా, గర్బా, మన కోలాటం. కోలాటానికి పన్నెండు మంది. ఫిల్మ్ వాళ్ళలో ఒకడి దగ్గరుంది. మర్నాడు పగలు పన్నెండింటికి నడిసముద్రంలో స్పీడ్‌బోటు వచ్చి తీసుకుపోతుంది. గిరీష్ బదులు గురువుగా నువ్వెళ్ళు. వాణ్ణి ప్రాణాలతో తేవాలి ప్రసాదూ."

"ప్రాణాలతోనా?" గిరీష్ సాయిప్రసాద్ చెల్లెలి మొగుడు. "మా నాగవల్లి పసుపు కుంకుమలకి విలువ లేదాండీ?"

చీఫ్ ఓడ టికెట్టు అతని ముందుకు తోశాడు.

సాయంత్రం సాయిప్రసాద్ వేదాద్రి వెళ్ళి నరసింహస్వామి ముందు నిలబడ్డాడు. 'నువ్వు గోళ్ళతో చీల్చావు. నేను సూదితో పొడిస్తే పాపమా స్వామీ?' అక్కడి స్వామి యోగంలో కూర్చున్నవాడు. సాయిప్రసాద్ విషపు సూదిని తన కోల పిడిలో దాచుకున్నాడు.

ఓడ మీద అతన్ని పలకరించింది దేవిశ్రీ. ఎర్ర గౌను, డాన్స్ హోస్టెస్ ఉద్యోగం, రెండు వైపులా ఏజెంటు.

"ముఠావాళ్ళు వాడి మొహం నాకూ చూపించలేదండీ," అంది లిప్‌స్టిక్ తిప్పుతూ. ఆ లిప్‌స్టిక్కే వైర్‌లెస్. "పన్నెండుకి ఐదు నిమిషాల ముందు బోటుకి సిగ్నల్ ఇవ్వాలి."

"ఇస్తావా?"

"అప్పటికి ఎవరు గెలిచేట్టున్నారో చూసి."

మర్నాడు పదకొండున్నరకి పైడెక్ మీద జడ కోలాటం మొదలైంది. పైదూలానికి కట్టిన పన్నెండు తాళ్ళు. ఒక్కొక్కరి ఎడమచేతిలో తాడు, కుడిచేతిలో కోల. ఆరుగురు ఇటు, ఆరుగురు అటు తిరుగుతుంటే తాళ్ళు జడగా అల్లుకుంటున్నాయి. సాయిప్రసాద్ తాళం వేస్తూ పన్నెండు జతల కాళ్ళూ గమనించాడు. ఒక్క అడుగూ తప్పలేదు. గుండెలో పగ బుసకొడుతోంది గానీ కాటెవరికి వెయ్యాలి?

పదకొండూ యాభై మూడు.

"చాలండీ గురువుగారూ, ఎండ మండిపోతంది!" అన్నాడు రెడ్డిగూడెం బుల్లిబాబు, తాడు వదలబోతూ.

చెవిటికల్లు సౌభాగ్యమ్మ కసిరింది. "ఏంటయ్యా, అల్లిన జడ విప్పకుండా పోతావా? మా ఊళ్ళో చంటిపిల్లలు కూడా అట్టా పోరు."

సాయిప్రసాద్ చెవిలో గిరీష్ గొంతు మోగింది. పాఠం సగంలోనే ఆగిపోయింది కదూ!

"తాళ్ళు వదలొద్దు! విప్పండి!" తాళం వేగం పెంచాడు.

పదకొండు మంది వచ్చిన దారినే వెనక్కి మళ్ళారు. బుల్లిబాబు ఒక్కడే ముందుకు నడిచాడు. ఎదురొచ్చిన తాడు భుజానికి, ఇంకోటి నడుముకి, మరోటి మెడకి చుట్టుకున్నాయి. చేతిలో కోల జారి డెక్ మీద పగిలింది. డొల్ల కోల. అందులోంచి మైక్రోఫిల్మ్ చుట్ట దొర్లింది.

దేవిశ్రీ లిప్‌స్టిక్ పెదవుల దగ్గరికి తెచ్చుకుంది. "కోస్ట్‌గార్డ్, ఓవర్. బోటు తూర్పు నుంచి వస్తోంది. పట్టుకోండి."

సాయిప్రసాద్ తన కోల పిడిలోంచి సూది తీసి బుల్లిబాబు మెడకి ఆనించాడు. కళ్ళ ముందు చెల్లెలి నుదురు. ఆ వెనకే, కళ్ళు మూసుకుని యోగంలో ఉన్న స్వామి. ఎంతసేపటికో సూదిని సముద్రంలోకి విసిరేసి తాళం అందుకున్నాడు.

"ఇంకొక్క చుట్టు!"

తాళ్ళు బిగిశాయి. బుల్లిబాబు కళ్ళు తేలేశాడు. "ఊపిరాడట్లేదు! విప్పండి బాబో, విప్పండి!"

సాయిప్రసాద్ ఫిల్మ్ జేబులో వేసుకున్నాడు.

"విప్పడం," అన్నాడు, "రేపు చెబుతా."