పెద్దమ్మాయ్ అని పిలిచే గోరింక

"పిట్టని పట్టుకుపోతారా? నన్ను దాటి ఎవరు పట్టుకుపోతారో నేనూ చూస్తా!"

చిన్నకోడలు కత్తెర చేత్తోనే పంజరానికి అడ్డంగా నిలబడింది. సగం కుట్టిన జాకెట్టు మిషన్ మీదే ఉండిపోయింది.

గుమ్మంలో మున్సిపాలిటీ ఉద్యోగి చెమట తుడుచుకున్నాడు. "నా మీద అరిస్తే ఏం లాభమమ్మా? పక్కింటివాళ్లు గోల భరించలేకపోతున్నామని మళ్లీ ఫిర్యాదు పెట్టారు. పంజరం ఉమ్మడి గోడకి దూరంగా జరపాలి, చీకటి పడితే గుడ్డ కప్పాలి. ఇంకోసారి ఫిర్యాదు వస్తే పిట్టని తీసుకెళ్లమనే రూలు."

పక్కింటివాళ్లట! ఎవరా పక్కింటివాళ్లు? సొంత తోడికోడలు! ఒకే ఇంటికి మధ్యలో గోడ కట్టుకుని విడిపోయారు. అత్తగారు చిన్నకొడుకు దగ్గరే ఉంటానన్న రోజున, "మళ్లీ ఆ గడప తొక్కితే ఒట్టు!" అని విసురుగా వెళ్లిపోయిన మహాతల్లి! ముసలావిడ మంచాన పడినా రాలేదు. చివరిచూపుకి వచ్చి కూడా గడప అవతలే నిలబడింది. ఎత్తి కూర్చోబెట్టిందెవరు? ఒళ్లు తుడిచిందెవరు? చిన్నకోడలే! ఇప్పుడు మిగిలింది అత్తగారి మంచం పక్కన పెరిగి, అచ్చం ఆవిడ గొంతుతో పలికే ఈ గోరింక ఒక్కటే... దాన్నీ బతకనివ్వదా?

చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. కత్తెర మిషన్ మీద విసిరేసి, తిన్నగా వెళ్లి పక్కింటి తలుపు బాదింది.

"అక్కా! నా కుట్టుమిషన్ రోజంతా టకటకలాడితే పట్టని చెవులు, పిట్ట కూస్తే పగిలిపోతున్నాయా?"

పెద్దకోడలు తలుపు తీసిందో లేదో, గోడ అవతలినుంచి కేక వినబడింది.

"పెద్దమ్మాయ్! ఓ పెద్దమ్మాయ్! ఒక్కసారి ఇటు రావే!"

పెద్దకోడలు రెండు చేతులతో చెవులు మూసుకుంది. "విన్నావా! నన్ను సాధించడానికే కదే దానికా మాట నేర్పావు? వంట చేస్తుంటే అదే, పడుకుంటే అదే! చచ్చి ఏ లోకాన ఉన్నారో ఆవిడ... నువ్వు మాత్రం నన్ను ప్రాణాలతో కాల్చుకు తింటున్నావు!"

"నేను నేర్పానా?" చిన్నకోడలు గయ్యిమంది. "నాకేం ఖర్మ! ముద్ద పెట్టింది నేను, మందు పోసింది నేను. పిలిచింది మాత్రం నిన్ను! కన్ను మూసేదాకా నిన్నే! ఆ పిట్ట నోట ఒక్కసారైనా 'చిన్నమ్మాయ్' అని విన్నావా? రాదక్కా... ఆవిడ అంటే కదా దానికి వచ్చేది! ఇంత చాకిరీ చేసినా ఒక్కనాడు... ఒక్కనాడైనా నన్ను నోరారా పిలవలేదు!"

అని, తన నోట వచ్చిన మాటకి తనే నిర్ఘాంతపోయింది. ఇన్నాళ్లూ కడుపులో కుతకుతలాడింది ఇదా!

పెద్దకోడలు చెవుల మీది చేతులు నెమ్మదిగా దించింది.

"పిచ్చిదానా... చెయ్యి చాపితే అందే మనిషిని ఎవరైనా కేకేసి పిలుస్తారటే? అందనిదాన్ని కాబట్టి నన్ను పిలిచారు. గోడకి ఇవతల కూర్చుని, వింటూ కూడా రాని రాక్షసిని నేను..."

మాట పూర్తి కాలేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని భోరుమన్నారు.

గోరింక మళ్లీ పిలిచింది. పెద్దకోడలు కొంగుతో ముఖం తుడుచుకుని, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. ఏళ్ల తరబడి తొక్కని గడప దాటి, "వచ్చా అత్తయ్యా... వచ్చా!" అంటూ పంజరం ముందు కూలబడింది.

మున్సిపాలిటీ ఉద్యోగి బిక్కమొహం వేశాడు. "మరి... పంజరం ఎటు జరపమంటారమ్మా?"

వెనకే వచ్చిన చిన్నకోడలు ముక్కు చీదుకుంది. "నన్నెందుకు అడుగుతారు? ఫిర్యాదు పెట్టినావిడ ఈవిడే. ఈవిడనే అడగండి!"

పెద్దకోడలు తలెత్తకుండానే పంజరాన్ని గోడకి మరింత దగ్గరగా జరిపింది.

"ఇక్కడే ఉండనివ్వండి బాబూ. పిలిస్తే నాకు వినబడాలి."