గాల్లో గంట, రోడ్డు మీద ఏడు

“నాలుగు వందల పది కిలోమీటర్లు,” అన్నాడు చీఫ్, మ్యాప్ మీద స్కేలు పెట్టి. “విమానంలో గంటా ఐదు నిమిషాలు. రోడ్డు మీద ఏడు గంటలు. ఇప్పుడు పది.”

ఏజెంటుకి లెక్క అర్థమైంది. అవతలి ఊళ్ళో గెస్ట్‌హౌస్‌లో ఉన్న ముసలి సైంటిస్టుకి రోజూ సాయంత్రం ఐదింటికి నర్సు ఇంజెక్షన్ ఇస్తుంది. అసలు నర్సుని శత్రుముఠా నిన్ననే చంపేసింది. ఇవాళ ఆ తెల్లబట్టల్లో వచ్చేది ‘నెమలి’. మొన్నటిదాకా మన జీతం తింటూ వాళ్ళకి పనిచేసిన అందగత్తె, డబుల్ ఏజెంట్. మూడింటి ఫ్లైటెక్కితే ఐదింటికల్లా విషం సిరంజితో గుమ్మంలో ఉంటుంది.

“అక్కడి మనవాళ్ళకి చెప్తే పోలా సార్?”

“వాళ్ళలో ఎవరు ఆవిడ మనుషులో నాకేం తెలుసు? ఏ వేషంలో ఉన్నా గుర్తుపట్టేది నువ్వొక్కడివే. ఎయిర్‌పోర్టులో గానీ ఫ్లైట్లో గానీ నీ మొహం చూసిందంటే జారుకుంటుంది. కార్లో పో. ఫోన్ ఆఫ్ చెయ్యి, ట్రేస్ చేస్తారు.”

డిపార్ట్‌మెంటు మొత్తానికి గట్టి డ్రైవరు ఏజెంటు బావమరిదే, పెళ్ళాం తమ్ముడు. నోటికి అదుపు లేదు గానీ, అతను స్టీరింగు పట్టాడంటే కారు చెప్పినట్టు వింటుంది.

“బెల్టు పెట్టుకో బావా. నీకేమన్నా అయితే అక్క నన్ను బతకనివ్వదు,” అంటూ గేరు మార్చాడు.

ఒంటిగంటకి టోల్‌గేటు దాటగానే పక్కనుంచి బైకు దూసుకొచ్చింది. సైలెన్సర్ పిస్టలు. రెండు గుళ్ళు బావమరిది పొట్టలో దిగాయి. మూడోదానికి అవకాశమివ్వకుండా ఏజెంటు తన పిస్టలు పేల్చాడు. బైకు డివైడర్ ఎక్కి పల్టీకొట్టింది. బావమరిదిని పక్కసీట్లోకి లాగి తనే స్టీరింగు పట్టాడు.

“బావా... ఆసుపత్రి బోర్డు దాటేశావ్.”

“చూశాను.”

“తొమ్మిది కిలోమీటర్లే. అర్ధగంట పని.”

“అర్ధగంట లేదురా.”

బావమరిది తల సీటుకి ఆనించాడు. తర్వాత, “స్టీరింగు నీకిచ్చానని అక్కతో అనకు. నీ డ్రైవింగంటే తనకి హడల్,” అన్నాడు. ఏజెంటు కాలు యాక్సిలరేటర్ మీంచి తియ్యలేదు. మూడున్నరకి పక్కసీట్లో మూలుగు ఆగిపోయింది.

నాలుగూ యాభై ఎనిమిదికి గెస్ట్‌హౌస్ చేరాడు. బావమరిది మీద కోటు కప్పి, కారుకి తాళం వేసి, మూడో అంతస్తుకి పరుగెత్తి సైంటిస్టు గదిలో బీరువా వెనక నక్కాడు. ఐదయింది. ఎవరూ రాలేదు. ఆరయింది. ఇంజెక్షన్ సంగతేమిటని ముసలాయన రెండుసార్లు గొణిగాడు.

ఏడింటికి నర్సు వచ్చింది. నవ్వుతూ ముసలాయన చొక్కా చెయ్యి పైకి మడిచింది. సూది చర్మానికి తాకబోతుండగా ఏజెంటు ఆమె మణికట్టు పట్టుకుని విరిచాడు.

నెమలి పళ్ళు బిగబట్టి అతన్ని ఎగాదిగా చూసింది. “ఎప్పుడొచ్చావ్?”

“ఐదింటికి.”

“ఎందుకంత తొందర? ఫ్లైటు రెండు గంటలు లేటు. పన్నెండింటికే బోర్డు మీద పెట్టేశారుగా.”

ఏజెంటు ఆమెకి బేడీలు వేసి ఫోన్ ఆన్ చేశాడు. పన్నెండూ పదికి చీఫ్ పంపిన మెసేజ్ ఉంది: ‘ఫ్లైటు లేటు. నిదానంగా వెళ్ళండి.’ అతను కిటికీలోంచి కిందున్న కారు వంక చూశాడు. అంతలో ఫోన్ మోగింది.

“దొరికిందా? శభాష్,” అన్నాడు చీఫ్. “నీకూ మీ బావమరిదికీ పొద్దున ఫ్లైటుకి టికెట్లు చెప్తున్నా. గంటలో వచ్చేస్తారు.”

“వద్దు సార్. కార్లోనే వస్తాం.”

“ఏడు గంటలయ్యా!”

“వాళ్ళక్కకి ఏం చెప్పాలో ఆలోచించుకోడానికి అవీ చాలవు సార్.”