రేకు తలుపు

గుండీలమ్మ పని నుంచి ఇల్లు చేరేసరికి చీకటి పడింది, వానా మొదలైంది. వీధిలో కరెంటు లేదు. కుట్టు కంపెనీలో పొద్దస్తమానం చొక్కాలకు గుండీలు కుట్టీ కుట్టీ ఆమెకు ఆ పేరు పడిపోయింది. అసలు పేరు మొగుడికైనా గుర్తుందో లేదో అనుమానమే. మొగుడంటే రేకులాయన. రేకులు కత్తిరించే ప్రెస్సులో కుడిచేతి వేళ్ళు మూడు పోగొట్టుకున్నవాడు, ఆ పోయిన వేళ్ళ పేరు చెప్పి రోజూ తాగేవాడు.

ఉన్నది ఒక్కటే గది. లోపల అడుగు పెట్టగానే సారా వాసన గుప్పుమంది. ఆమె దీపం వెలిగించి, చెప్పులైనా విప్పకుండా బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. గుడ్డలో చుట్టి అడుగున దాచిన ఇంటద్దె లేదు. గుడ్డ మాత్రం మడత పెట్టి ఉంది. దొంగతనంలో కూడా ఎంత పద్ధతో!

అరికాలి మంట నెత్తికెక్కింది. రేపు పొద్దున ఇంటి యజమాని వచ్చి సామాను వీధిలో పడేస్తానని చెప్పి మరీ వెళ్ళాడు. ఈ మహానుభావుడేమో మంచం మీద నోరు తెరుచుకుని పడి ఉన్నాడు. ఏడ్చే రోజులు ఎప్పుడో అయిపోయాయి. ఆమె చీరలు కిందపడేసి మూట కట్టడం మొదలుపెట్టింది. అక్క ఇంటికి పోవాలి, మళ్ళీ ఈ గడప తొక్కకూడదు. ముడి బిగిస్తూ ఆ మాట మొగుడికి వినపడేలా చెప్పింది.

వెళ్ళాలంటే ఆ రేకు తలుపు దాటాలి. దాన్ని చూస్తే చాలు ఆమెకు ఒళ్ళు మండుతుంది.

ప్రెస్సు దగ్గర ఇద్దరు పనిచేస్తారు. ఒకడు రేకు పెడతాడు, ఇంకొకడు పెడలు తొక్కి పైనున్న కత్తిని దించుతాడు. తొక్కేవాడు “చెయ్యి తీశావా?” అని అడగాలి. పెట్టేవాడు “తీశా” అనాలి. ఆ మాట వినకుండా ఎవడూ తొక్కడు. పెళ్ళైన కొత్తలో రేకులాయన ఆ అలవాటును ఇంటికీ పట్టుకొచ్చాడు. తలుపు వేసేటప్పుడల్లా ఆమె అడిగేది, అతను బదులిచ్చేవాడు, ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవారు. తరవాత నవ్వు పోయింది గానీ అలవాటు పోలేదు.

వేళ్ళు తెగిన రోజు కూడా తొక్కేవాడు అడిగాడు. “తీశా” అని విన్నాకే తొక్కాడు. షెడ్డులో ఉన్నవాళ్ళందరూ విన్నారు. రేకులాయన ఒక్కడే, నేననలేదు మొర్రో అని మొత్తుకున్నాడు. నా గొంతుతో ఇంకెవరో అన్నారు, అనే ముందు తడి ఇనుము వాసన వచ్చింది అన్నాడు. తాగి పనిలోకొచ్చాడని షెడ్డు యజమాని తేల్చేశాడు. అప్పటికి అతను చుక్క ముట్టి ఎరగడు. పరిహారం అడిగితే, పోనీలే పాపమని మిగిలిపోయిన రేకుతో ఇంటికొక తలుపు చేయించి పంపాడా పెద్దమనిషి. అంచులు మడిపించడానికి కూడా చేతులు రాలేదు. కత్తిపీటలా ఉంటాయి.

యజమానిని నోరారా తిట్టింది గానీ, మొగుడి మాట ఆమె కూడా నమ్మలేదు. ఆ సంగతి మొగుడికి తెలిసిన రోజే తాగుడు మొదలైంది.

మూట చంకన పెట్టుకుంటుండగా మంచం కిర్రుమంది. రేకులాయన లేచి కూర్చుని గాలి పీలుస్తున్నాడు.

“వాసనొస్తోందా?” అన్నాడు గొంతు తగ్గించి.

“నీ సారా వాసనేగా. ఈ కొంపలో ఇంకేం వస్తుంది?”

“అది కాదే... తడి ఇనుము.”

వానలో రేకు తడిస్తే ఇనుము వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా అని ఆమె కసిరింది. కానీ వాసన తలుపు వైపు నుంచి రావడం లేదు. గది లోపల్నుంచి, పొయ్యి మూల నుంచి వస్తోంది. ఆమె దాన్ని పట్టించుకోదలచుకోలేదు. ఇలాంటి నాటకాలు చాలా చూసింది.

“ఇవాళొద్దే. రేపు పో. నేనే దిగబెడతా.” అతను తూలుతూ వెనకాలే వస్తున్నాడు.

ఆమె గడప దాటింది. వెనక దీపం ఆరిపోయింది. గాలి లేదు, అయినా ఆరిపోయింది. లోపల కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించడం లేదు. బయటి గడియ పట్టుకుని తలుపు లాగబోతూ, అంత కోపంలోనూ, పాడు అలవాటు, నోరు దానంతటదే అడిగింది.

“చెయ్యి తీశావా?”

“తీశా.”

తడబాటు లేదు. ముద్ద మాట కాదు. పెళ్ళైన కొత్తలో విన్న గొంతు... శుభ్రంగా, చిన్న నవ్వుతో. ఒక్క క్షణం ఆమె చెయ్యి గడియ మీదే ఆగింది. మరుక్షణం కోపం రెట్టింపైంది. కావాలనుకుంటే ఇంత చక్కగా మాట్లాడగలడన్నమాట! ఇన్నేళ్ళూ తనని ఏడిపించింది కావాలనే అన్నమాట! ఉన్న బలమంతా పెట్టి తలుపు లాగింది.

తలుపు పడలేదు.

మధ్యలో మెత్తగా ఏదో అడ్డం...

అప్పుడు అరిచాడు రేకులాయన.

తలుపు తోసుకుని లోపలికి ఉరికింది. మూటలోంచి చేతికందిన చీర లాగి, తడుముకుంటూ అతని ఎడమ చేతికి చుట్టింది. ఎన్ని వేళ్ళు మిగిలాయో తడిమి చూసే ధైర్యం లేదు. చీర వెచ్చగా తడిసిపోతోంది.

“నేననలేదే,” అన్నాడు. “నీ మీదొట్టు... నేననలేదు.”

“తెలుసు,” అంది. “నాకు తెలుసు.”

ఆ ఒక్క మాట కోసం అతను ఇన్నేళ్ళు ఎదురు చూశాడు. అప్పుడే అని ఉంటే ఆ డబ్బు డబ్బాలోనే ఉండేది, ఈ చెయ్యి చెయ్యిలానే ఉండేది. షెడ్డు యజమాని మీద, తన మీద, ఈ దిక్కుమాలిన తలుపు మీద పట్టరాని కోపం వచ్చింది. ముందు ఆసుపత్రి, తరవాతే ఏదైనా. అతని చంక కింద భుజం ఆనించి, రెండో చేత్తో గుమ్మం అంచు పట్టుకుని బలవంతాన పైకి లేపింది. బరువంతా ఆ చేతి మీదే ఉంది.

వాన ఆగిపోయింది. తడి ఇనుము వాసన మాత్రం గొంతులోకి దిగుతోంది.

పొయ్యి మూల నుంచి ఎవరో అడిగారు.

“చెయ్యి తీశావా?”

ఆమె గొంతే. ఆమె నోరు మూసే ఉంది. లేదు అని అరవబోతే నాలుక పిడచకట్టుకుపోయింది. వెనకాల తలుపు కిర్రుమని కదిలింది.

చెవి పక్కనే, ఆమె గొంతే, ఎంతో మర్యాదగా బదులు చెప్పింది.

“తీశా.”